నాలుగెకరాల జాగా, ఒక ల్యాప్‌టాప్: మొక్క నాటకముందే వాననీ ఎండనీ లెక్క చూసుకోవడం ఎలా

స్కూల్ ఆవరణో, ఊరి పార్కో, ఫంక్షన్ హాల్ చుట్టూ ఉన్న ఖాళీ జాగో, ఏదైనా సరే, నల్గొండ నుంచి గద్వాల దాకా మన వైపు ఒక స్థలాన్ని తీర్చిదిద్దే పని మీ మీద పడిందంటే రెండు విషయాలు ముందే తేల్చుకోవాలి. పడ్డ వాన ఎటు పోతుంది, ఎండాకాలం నీడ ఎక్కడ పడుతుంది. ఏడాదికి 600 నుంచి 750 మిల్లీమీటర్ల చుట్టూ కురిసే ప్రాంతం మనది, అందులో చాలా భాగం కొన్ని రోజుల్లోనే దంచి కొట్టి పోతుంది, మిగతా కాలమంతా మొక్కకి నీళ్లు మనమే వెతుక్కోవాలి. ఇదంతా నోటిలెక్కతో ఊహించే బదులు కంప్యూటర్లో నడిపి చూడొచ్చు, దీన్నే సిమ్యులేషన్ అంటారు. కావాల్సిన సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి, ఇంత చిన్న స్థలానికి మామూలు ల్యాప్‌టాప్ చాలు.

ఒకటి ముందే చెప్పేస్తా. కాంట్రాక్టర్ చూపించే త్రీడీ వీడియోని సిమ్యులేషన్ అనుకోవద్దు. అందులో మే నెలలో కూడా లాన్ పచ్చగా ఉంటుంది, నిన్న నాటిన చెట్టు ఇవాళే ముప్పై అడుగులుంటుంది, వాన అసలు పడదు. మనం చేసేది అంత అందంగా కనిపించదు, రంగు రంగుల గళ్లు, రెండు మూడు గ్రాఫులు, అంతే. అలాగని ఆ గళ్లలో వచ్చే అంకెని జ్యోతిష్యంలా నమ్మొద్దు. "ఇక్కడ 43 డిగ్రీలు" అని అది చెప్తే పెద్దగా పట్టించుకోకండి. "ఆ ప్లాన్ కంటే ఈ ప్లాన్‌లో సగం నీళ్లే బయటికి పోతున్నాయి" అంటే మాత్రం వినండి. మోడల్‌లో పెట్టిన తప్పులు రెండు ప్లాన్లలోనూ ఒకేలా ఉంటాయి కాబట్టి, వాటి మధ్య తేడా చాలావరకు నమ్మదగ్గదే.

ఉదాహరణకి మహబూబ్‌నగర్ జిల్లాలో నాలుగెకరాల హైస్కూల్ స్థలం అనుకుందాం. ఎర్ర చెల్క నేల, ఎగువన 20 ఎకరాల గుట్ట వాలు, దిగువన ఒక కుంట. లెక్కలన్నీ దాని మీదే చేస్తా, మీరు మీ అంకెలు పెట్టుకోండి.

1. ల్యాప్‌టాప్ తెరవకముందు చేయాల్సింది

స్థలంలో మూడు నాలుగు చోట్ల అడుగు వెడల్పు, అడుగు లోతు గుంతలు తవ్వించండి. ముందురోజు సాయంత్రం నిండా నీళ్లు పోసి వదిలేయండి, నేల నానాలి. తెల్లారి మళ్లీ నింపి, ఒక స్కేలు నిలబెట్టి గంటకి ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో రాసుకోండి. గుంత పక్కల నుంచి కూడా నీళ్లు ఇంకుతాయి కాబట్టి వచ్చిన అంకెలో సగమే లెక్కలోకి తీసుకోండి. ఈ ఒక్క అంకె మొత్తం డిజైన్‌ని మార్చేస్తుంది. పుస్తకాల ప్రకారం ఇసుక కలిసిన గరప నేల గంటకి 11 మిల్లీమీటర్ల దాకా తాగుతుంది, బంకమట్టి పావు మిల్లీమీటరు కూడా కష్టమే. మన దగ్గర ఒకే ఊళ్లో ఈ చివర చెల్క, ఆ చివర నల్లరేగడి ఉంటాయి, పైగా స్కూల్ గ్రౌండ్లో ఏళ్ల తరబడి పిల్లలు తొక్కి, ట్రాక్టర్లు తిరిగి, చెల్క కూడా సిమెంటులా గట్టిపడి ఉంటుంది. అందుకే ఏ మ్యాపులో ఏ రంగు ఉన్నా గుంత చెప్పిందే నమ్మాలి.

రెండోది, ఎత్తుపల్లాలు. మేస్త్రీలు వాడే నీళ్ల పైపు లెవెల్ ఉంటుంది కదా, దాంతో 20 మీటర్లకో చోట ఎత్తు కొలిపించండి. డబ్బులుంటే సర్వేయర్ని పిలిచి ఆటో లెవెల్ పెట్టించండి, ఒక్క రోజు పని. ఉపగ్రహం ఎత్తుల మ్యాపులు గుట్టలకి, వాగులకి పనికొస్తాయి గానీ నాలుగెకరాల్లో అడుగున్నర పల్లం ఎక్కడుందో అవి చెప్పలేవు, వాటి పొరపాటే మీటర్లలో ఉంటుంది.

మూడోది, ఊళ్లో నీరటి పని, అంటే చెరువు నీళ్లు చూసుకునే పని, చేసిన పెద్దమనిషి ఎవరైనా ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. ఒర్రె ఎటు పారేది, ఏ ఏడు మత్తడి దుంకింది, ఏ గోడకి ఎంత ఎత్తుదాకా నీళ్లొచ్చాయి. ఆ గుర్తుల్ని ఫోన్లో లొకేషన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి, మోడల్ నిజం చెప్తుందో లేదో చివర్లో తేల్చేది ఇవే.

2. మ్యాపులు: గోడ బయట నుంచి మొదలు

క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ దించుకోండి. ఎత్తుల డేటా కోసం ఓపెన్ టోపోగ్రఫీ సైట్లో కోపర్నికస్ 30 మీటర్లది, లేదా మన హైదరాబాద్‌లోనే ఉన్న ఎన్ఆర్ఎస్‌సీ (ఇస్రో రిమోట్ సెన్సింగ్ కేంద్రం) వాళ్ల భువన్ పోర్టల్లో కార్టోడెమ్ దొరుకుతుంది. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 టోపోషీటు కూడా దించుకోండి, ఇప్పుడు వెంచర్ల కింద పోయిన వాగులు కొన్ని అందులో ఇంకా నీలం గీతలుగానే కనిపిస్తాయి. గూగుల్ ఎర్త్ ప్రోలో పాత ఫొటోలు చూసే గడియారం బొమ్మ ఉంటుంది, వానాకాలం తర్వాతి నెలల్లో తీసిన ఫొటోలు వెతికితే ఎక్కడ తేమ నిలుస్తుందో తెలుస్తుంది.

ఇక్కడ మనవాళ్లకి మాత్రమే తగిలే చిక్కు ఒకటుంది. మ్యాపుని మీటర్లలోకి మార్చేటప్పుడు యూటీఎం జోన్ అడుగుతుంది, అంటే భూమిని నిలువు పట్టీలుగా విడగొట్టి ఇచ్చిన నంబర్లలో మీది ఏదని. 43కీ 44కీ సరిహద్దు 78 డిగ్రీల తూర్పు రేఖాంశం, అది సరిగ్గా మహబూబ్‌నగర్ పట్టణం పక్కనుంచే పోతుంది. నల్గొండ, నాగర్‌కర్నూల్, కల్వకుర్తి, దేవరకొండ వాళ్లు 44 (సాఫ్ట్‌వేర్లో దాని కోడ్ ఈపీఎస్‌జీ 32644) పెట్టుకోండి. నారాయణపేట, మక్తల్, గద్వాల వాళ్లు 43 (ఈపీఎస్‌జీ 32643). మహబూబ్‌నగర్ వాళ్లు ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా దాని మీదే ఉండండి, ఒక లేయర్ ఇందులో, ఇంకోటి అందులో ఉంటే కొలతలు కలవవు.

తర్వాత ఎగువ నుంచి ఎంత భూమి నీళ్లు మీ స్థలంలోకి వస్తాయో గీయాలి. ట్యుటోరియల్స్ అన్నీ "ముందు ఫిల్ సింక్స్ నడపండి" అని మొదలుపెడతాయి, అంటే పల్లాలన్నీ పూడ్చి నీళ్లు సాఫీగా పారేలా చేయడం. వేరే దేశాల్లో సరేగానీ, గొలుసుకట్టు చెరువులున్న మన నేలలో ఆ పని చేస్తే కుంటలన్నీ కంప్యూటర్లో పూడిపోతాయి. బదులుగా క్యూజీఐఎస్‌లోనే ఉండే గ్రాస్ టూల్స్‌లో వాటర్‌షెడ్ అనే దాన్ని వాడండి, దానికి పల్లాలు పూడ్చాల్సిన అవసరం లేదు. వచ్చిన గీతని టోపోషీటుతో, నీరటి చెప్పినదాంతో పోల్చి చేత్తో సరిచేయండి. కట్టలు, రోడ్డు కింద తూములు 30 మీటర్ల డేటాలో సరిగా కనపడవు.

ఈ పని ఎందుకంత ముఖ్యమో తర్వాతి లెక్కలో తెలుస్తుంది.

3. ఎంత వానకి డిజైన్ చేయాలి

సగటు వానకి డిజైన్ చేస్తే వృథా. 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో కోదాడ, హుజూర్‌నగర్ వైపు ఏం జరిగిందో అందరం చూశాం, 24 గంటల్లో 20 సెంటీమీటర్లు దాటింది. అలాగని ప్రతి స్కూల్ గ్రౌండ్‌నీ అంత వానకి కట్టలేం. పదేళ్లకోసారి వచ్చే వానని పట్టుకోవాలి, అంతకు మించింది ఎవరికీ నష్టం లేకుండా బయటికి పోవాలి.

పదేళ్ల వాన తేల్చడానికి వాతావరణ శాఖ గ్రిడ్ డేటా ఉంది, 1901 నుంచి రోజువారీ వాన, పావు డిగ్రీ గళ్లలో ఉచితంగా ఇస్తారు. చివరి 30 ఏళ్లలో ఏడాదికొక్కటి చొప్పున అతి పెద్ద ఒక్కరోజు వానని రాసుకోండి, పెద్దదాని నుంచి చిన్నదానికి వరసగా పేర్చండి, మూడోది మీ పదేళ్ల వాన. గడి ఒక్కోటి దాదాపు 27 కిలోమీటర్లు కాబట్టి అది సగటు కట్టి చూపిస్తుంది, మీ మండలంలో పడ్డ కుండపోత అందులో పలచబడిపోతుంది. అందుకే తెలంగాణ డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీ ఆటోమేటిక్ వెదర్ స్టేషన్ల అంకెలు కూడా పక్కన పెట్టుకుని, పెద్దదాన్నే తీసుకోండి.

రోజు మొత్తం వాన తెలిసినా, గంటకి ఎంత కొడుతుందన్నదే కాలవల సైజు తేల్చేది. గంటవారీ డేటా లేనప్పుడు మన దేశంలో ఇంజినీర్లు వాడే ఘనమూలం సూత్రం ఉంది. గంటల్ని 24తో భాగించి, దాని ఘనమూలాన్ని రోజు వానతో గుణించడమే. రోజుకి 150 మిల్లీమీటర్లయితే 3 గంటల్లో అందులో సగం, అంటే 75. ఒక్క గంటలో 52. ముసురులా రోజంతా పడ్డ 150కీ, సాయంత్రం గంటలో 52 కొట్టిన 150కీ తేడా ఇక్కడే.

4. ముందు ఎక్సెల్, తర్వాతే సాఫ్ట్‌వేర్

కర్వ్ నంబర్ పద్ధతి అని ఒకటుంది. నేల రకాన్ని, పైన ఉన్న గడ్డిని బట్టి 100 లోపు ఒక నంబర్ ఇస్తారు, నంబర్ పెరిగేకొద్దీ నీళ్లు పారిపోయేది ఎక్కువ. పలచగా గడ్డి ఉన్న మన స్కూల్ గ్రౌండ్‌కి 80 అనుకుందాం. 25,400ని 80తో భాగించి 254 తీసేస్తే 63.5 మిల్లీమీటర్లు, ఇది నేల పట్టుకోగల శక్తి. అమెరికా సూత్రంలో ఇందులో 0.2 వంతు మొదట ఇంకిపోతుందని అనుకుంటారు. మన దేశంలో నల్లరేగడి కాని నేలలకి 0.3, తడిసిన నల్లరేగడికి 0.1 వాడటం అలవాటు, చాలా సాఫ్ట్‌వేర్లలో డీఫాల్ట్‌గా 0.2 ఉంటుంది, మార్చుకోండి. 100 మిల్లీమీటర్ల వానకి 0.3తో లెక్క ఇలా వస్తుంది: 100 లోంచి 19 (63.5లో 0.3 వంతు) తీసేసి, మిగిలిన 81ని వర్గం చేసి, 81కి 63.5 కలిపితే వచ్చే 144తో భాగిస్తే 45 మిల్లీమీటర్లు. అంటే పడినదాంట్లో సగం కంటే కొంచెం తక్కువ పారిపోతుంది.

నాలుగెకరాలకి అది దాదాపు 7 లక్షల 35 వేల లీటర్లు. సరే, ఎగువన ఉన్న 20 ఎకరాలకి అదే నంబర్ పెట్టి చూడండి, 36 లక్షలు దాటింది. మీ స్థలంలో పడే నీళ్లకి ఐదింతలు బయట నుంచి వస్తున్నాయి! చాలా డిజైన్లు చెడేది ఈ దగ్గరే, కాంపౌండ్ గోడ లోపలి వానకి ఇంకుడు గుంతలు తవ్వుతారు, ఎగువ ఒర్రె సంగతి ఎవరూ చూడరు, గోడ కట్టేసి అడ్డుకుంటారు, మొదటి పెద్ద వానకి గోడైనా పోతుంది, పక్కవాడి చేనైనా మునుగుతుంది. ఆ నీళ్లకి లోపల నుంచే దారి ఇచ్చి, కిందున్న కుంటకి చేర్చాలి. కుంటకి వెళ్లే కాలవని మూసేసే ప్లాన్ ఎంత పచ్చగా ఉన్నా నేనైతే ఒప్పుకోను. ఎఫ్‌టీఎల్, అంటే కుంట పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే హద్దు, ఎక్కడుందో నీటిపారుదల శాఖ ఏఈ దగ్గర కనుక్కున్నాకే గీతలు గీయండి.

రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు కందకం వంద మీటర్లు తవ్వితే పట్టేది 36 వేల లీటర్లే. 7 లక్షల 35 వేలకి అలాంటివి 20 కావాలి, స్థలమంతా కందకాలే అవుతాయి. కాబట్టి కొంత కందకాల్లో, కొంత పల్లపు తోటలో, కొంత ఆటస్థలాన్నే అరడుగు కిందికి దింపి అందులో ఒకటి రెండు గంటలు నిలబెట్టి, ఇలా పంచుకోవాలి. దేనికి ఎంత అన్నది తేల్చడానికే తర్వాతి సాఫ్ట్‌వేర్.

5. వానని నడపడం

అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ వాళ్ల ఎస్‌డబ్ల్యూఎంఎం 1971లో మొదలైంది, ఇప్పటికీ ఉచితం, చూడటానికి పాతకాలపు సాఫ్ట్‌వేర్‌లా ఉంటుంది, భయపడొద్దు. తెరవగానే చేయాల్సిన పని ఫ్లో యూనిట్లని ఎల్‌పీఎస్‌కి, అంటే సెకనుకి లీటర్లకి, మార్చడం. డీఫాల్ట్‌గా అడుగులు, అంగుళాలు ఉంటాయి, మార్చకపోతే మీ 50 మిల్లీమీటర్ల వాన 50 అంగుళాలైపోతుంది.

స్థలాన్ని ఐదారు ముక్కలు చేయండి: కప్పులు, ఆటస్థలం, దారులు, తోట, ఎగువ గుట్ట. ప్రతి ముక్కకీ విస్తీర్ణం, వాలు, నీళ్లు ఇంకని భాగం ఎంత శాతం, ఇంకా 'విడ్త్' అని ఒకటి అడుగుతుంది. ఈ విడ్త్ దగ్గరే అందరూ ఆగిపోతారు. విస్తీర్ణాన్ని నీళ్లు నేల మీద పారే పొడవుతో భాగిస్తే చాలు, హెక్టారు ముక్కలో నీళ్లు 80 మీటర్లు పారితే 125 మీటర్లు. నేలలోకి నీళ్లు ఇంకే లెక్కకి గ్రీన్-ఆంప్ట్ అనే పద్ధతి ఎంచుకుని, మీ గుంతల్లో వచ్చిన అంకె పెట్టండి.

మూడు సార్లు నడపండి. ఒకటి ఇప్పుడున్న స్థితి, రెండు "అందరూ అడిగే" ప్లాన్, అంటే పేవర్ బ్లాకులు, సీసీ దారులు, మధ్యలో ఫౌంటెన్, మూడు మీ ప్లాన్. కందకాలు, పల్లపు తోటలు, గడ్డి కాలవలు పెట్టడానికి ఎల్ఐడీ కంట్రోల్స్ అనే విభాగం ఉంది. ప్రతిసారీ రెండే అంకెలు రాసుకోండి, మొత్తం ఎంత బయటికి పోయింది, ఒక్కసారిగా పోయిన గరిష్ఠ ప్రవాహం ఎంత. రిపోర్టులో కంటిన్యుటీ ఎర్రర్ (వచ్చిన నీళ్లకీ, లెక్క తేలిన నీళ్లకీ తేడా) 10 శాతం దాటితే ఆ ఫలితాన్ని పక్కన పడేసి ఇన్‌పుట్లు మళ్లీ చూడండి.

చేత్తో ఒక సరిచూపు కూడా పెట్టుకోండి. నాలుగెకరాలు, గంటకి 52 మిల్లీమీటర్లు, అందులో 60 శాతం పారుతుందనుకుంటే సెకనుకి 140 లీటర్లు వస్తుంది. సాఫ్ట్‌వేర్ 100 అన్నా, 180 అన్నా ఫర్వాలేదు, 1,400 అంటే మాత్రం ఎక్కడో యూనిట్ తప్పింది.

అన్నిటికంటే ముఖ్యం: ప్రతి కందకానికీ, ప్రతి పల్లపు తోటకీ మోడల్‌లో మత్తడి పెట్టండి, అంటే నిండాక నీళ్లు ఏ ఎత్తులో, ఎటువైపు పొర్లాలో. తర్వాత 200 మిల్లీమీటర్ల వాన నడిపి, ఆ పొర్లే నీళ్లు తరగతి గదుల వైపు వెళ్తున్నాయా, కుంట వైపు వెళ్తున్నాయా చూడండి. నీళ్లు ఎటు పరుచుకుంటాయో రంగుల్లో చూడాలనుంటే హెక్-రాస్ ఉంది, అదీ ఉచితమే, కానీ పైపు లెవెల్‌తో తీసిన ఎత్తులు లేకుండా దాని జోలికి వెళ్లకండి.

6. ఎండని నడపడం

క్యూజీఐఎస్‌లోనే యూమెప్ అనే ప్లగిన్ వేసుకోండి, స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ యూనివర్సిటీ వాళ్లది. అందులో సోల్‌వైగ్ అనే మోడల్ మనిషి ఒంటికి అన్ని వైపుల నుంచీ తగిలే వేడిని లెక్కేస్తుంది, దాన్ని మీన్ రేడియంట్ టెంపరేచర్ అంటారు. మనకి కావాల్సింది ఇదే. చెట్టు కింద గాలి వేడి ఒకటి రెండు డిగ్రీలే తగ్గుతుంది, ఎండలో నిలబడినప్పుడు ప్రాణం పోయినట్టుండేది మాత్రం ఈ రేడియంట్ వేడి వల్ల, నీడలో అది పది ఇరవై డిగ్రీలు పడిపోతుంది.

దీనికి భవనాల ఎత్తు, చెట్ల ఎత్తు, నేల ఎత్తు, మూడు రాస్టర్లు, అంటే గళ్ల మ్యాపులు, కావాలి. ఇంత చిన్న స్థలానికి చేత్తోనే గీసుకోవచ్చు, ఒక మీటర్ పిక్సెల్ చాలు, స్థలం చుట్టూ ఇంకో 50 మీటర్లు కలుపుకోండి, పక్క బిల్డింగ్ నీడ కూడా లెక్కే. వాతావరణం ఫైలు హైదరాబాద్‌ది సులభంగా దొరుకుతుంది, కానీ హైదరాబాద్ 500 మీటర్ల పైన ఉంది, మిర్యాలగూడ వంద మీటర్ల చుట్టూ ఉంటుంది, నల్గొండ మధ్యలో. కాబట్టి ఆ ఫైలుని నేరుగా వాడితే మీ ఊరు చల్లగా కనిపిస్తుంది. మీ మండలం స్టేషన్ ఉష్ణోగ్రతలు అందులో పెట్టేయండి.

ఏ రోజు నడపాలి? అందరూ మే అంటారు. స్కూలుకి మేలో సెలవులు! పిల్లలు ఎండలో పడేది మార్చి మధ్య నుంచి ఏప్రిల్ దాకా, ఒంటిపూట బడి వదిలే మధ్యాహ్నం వేళ. ఆ తేదీలకి, ఆ గంటకి గేటు దగ్గర, నల్లా దగ్గర, భోజనాలు వడ్డించే చోట నీడ ఉందా అని చూడండి. పార్కుకీ బస్టాండుకీ అయితే మే నెల, సాయంత్రం నాలుగు. అప్పుడు సూర్యుడు పడమర నుంచి కొంచెం ఉత్తరానికి జరిగి కొడతాడు. మే మొదటి పదిరోజుల్లో మన దగ్గర మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికొస్తాడు, హైదరాబాద్‌లో 9వ తేదీ చుట్టూ, మహబూబ్‌నగర్‌లో ఇంకో రెండు రోజుల ముందు. ఆ తర్వాత ఆగస్టు దాకా మధ్యాహ్నం వేళ ఉత్తరం వైపే ఉంటాడు. దక్షిణం వైపు చెట్లు పెడితే నీడొస్తుందన్న చల్లదేశాల సలహా ఎండాకాలం మనకి పనికిరాదు, పడమటి వైపు కప్పాలి.

చెట్ల సెట్టింగులు చూసుకోండి. ఆకుల గుండా 3 శాతం వెలుతురే వస్తుందని సోల్‌వైగ్ డీఫాల్ట్‌గా అనుకుంటుంది. వేపకీ కానుగకీ అప్పటికి కొత్త ఆకు వచ్చేసి ఉంటుంది కాబట్టి దగ్గరగా సరిపోతుంది. టేకు, మోదుగ అలా కాదు, మార్చి ఏప్రిల్లో మోడులై ఉంటాయి, వాటికి అదే అంకె వాడితే లేని నీడ కనిపిస్తుంది. ఇంకా, ఒకే ప్లాన్‌ని మూడు వయసుల్లో నడపండి: నాటిన ఏడాది, ఐదేళ్లకి, పదిహేనేళ్లకి. మొదటి ఏడాది మ్యాపు మొత్తం ఎర్రగానే ఉంటుంది, తప్పదు, ఆ ఐదేళ్లకి గేటు దగ్గర ఒక తాటాకు పందిరో, షేడ్ నెట్టో బడ్జెట్లో రాయడానికి అదే సాక్ష్యం.

7. నీళ్ల బడ్జెట్

ఇది చిన్న పని. వెయ్యి చదరపు మీటర్ల లాన్ మే నెలలో రోజుకి 6 మిల్లీమీటర్ల చొప్పున తాగుతుందనుకోండి, 6,000 లీటర్లు, అంటే రోజుకో ట్యాంకర్ పైనే. అదే 200 మొక్కలకి వారానికి 20 లీటర్ల చొప్పున 4,000, వారానికో ట్యాంకర్ లోపు. మునుగోడు, మర్రిగూడ వైపు భూగర్భ జలంలో ఫ్లోరైడ్ గొడవ తెలిసిందే, అక్కడ వాననీటిని నేలలోకి దింపడం ఎంత అవసరమో చెప్పక్కర్లేదు, బోరు ఖర్చుతో లాన్ పెంచడం అంత అనవసరం. పెద్ద లెక్క కావాలంటే ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఎఫ్ఏఓ వాళ్ల క్రాప్‌వాట్ ఉచితం.

8. రాబోయే ఎండలకి, వానలకి

ఐఐటీ గాంధీనగర్ వాళ్లు దక్షిణాసియాకి సరిచేసిన భవిష్యత్ వాతావరణ డేటా పెట్టారు, పరిశోధన చేసేవాళ్లు అది వాడండి. మామూలు పనికి నేనైతే వానని 20 శాతం పెంచి, ఉష్ణోగ్రతని 2 డిగ్రీలు పెంచి ఇంకోసారి నడుపుతా. ఒక డిగ్రీ వేడెక్కితే గాలి దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు, కాబట్టి 20 శాతం అతిగా ఏమీ లేదు. దానికి తోడు వానాకాలం మధ్యలో మూడు వారాలు చుక్క పడని స్థితిని కూడా ఎక్సెల్లో చూడండి, మొక్కలు చచ్చేది ఎక్కువ అప్పుడే, అందరూ వానాకాలమే కదా అని ట్యాంకర్ ఆపేస్తారు.

9. నిజమో కాదో తేల్చడం

ఇప్పుడున్న స్థితి మోడల్‌లో, మీరు ఫొటో తీసిన గోడ గుర్తులున్న ఆ వానని నడపండి. మోడల్‌లో నీళ్లు అక్కడిదాకా వచ్చాయా? రాకపోతే ముందు ఎగువ భూమి గీత, తర్వాత నేలలోకి నీళ్లు ఇంకే వేగం అంకె, ఆ తర్వాతే మిగతావి మార్చండి. ఆ గుర్తుకి దగ్గరగా వచ్చేదాకా కొత్త ప్లాన్ ఎవరికీ చూపించొద్దు. చూపించేటప్పుడు కూడా సర్పంచ్‌కో, హెడ్మాస్టర్‌కో గ్రాఫులొద్దు, మూడు ప్లాన్ల నీడ మ్యాపులు పక్కపక్కన, కింద ఎన్ని లీటర్లు బయటికి పోతాయో ఒక్క లైను, చాలు.

పని అయ్యాక మొదటి పెద్ద వానకి గొడుగేసుకుని వెళ్లి ప్రతి మత్తడి దగ్గరా ఫోన్లో వీడియో తీయించండి, టైము కనపడేలా. రెండో వానాకాలం ముందు కందకాల్లో ఒండ్రు తీయించి, మళ్లీ అదే గుంత పరీక్ష చేయండి. ఒండ్రు పేరుకుంటే ఇంకే వేగం తగ్గుతుంది, ఆ కొత్త అంకెని మోడల్‌లో పెట్టి నడిపితే పూడిక ఏడాదికోసారి తీయాలా, రెండేళ్లకోసారి చాలా అన్నది తేలుతుంది, దాన్ని బట్టి పంచాయతీ దగ్గర ఉపాధి హామీ పనుల్లో ముందే పెట్టించుకోవచ్చు.